పదిమంది ఇచ్చిన రోజులు

చావుబతుకుల్లో ఉన్న మొగుడి పక్కన కూర్చోవడానికి ఇంకొకరి అనుమతి కావాలంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. కాజాలావిడకి మాత్రం అప్పటికి మండే ఓపిక కూడా మిగల్లేదు. ఆసుపత్రి మెట్లు ఎక్కీ దిగీ ఉన్న సెలవులన్నీ అయిపోయాయి, మనిషి సగమైంది. అలాంటప్పుడు డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి, ఇక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మనీ, మహా అయితే రెండు వారాలనీ చెప్పాడు.

యూనిఫారాలు కుట్టే కంపెనీలో చొక్కాలకి కాజాలు తీసే మెషీన్ ఆవిడది. ఎన్నేళ్ళుగా ఆ మెషీన్ మీద ఉందంటే, అక్కడ ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. చిన్నవాళ్ళకి కాజాలక్క, పెద్దవాళ్ళకి కాజాలమ్మాయి. పక్క మెషీన్ మీద గుండీలు కుట్టే పిల్ల కూర్చుంటుంది. ఈవిడ చేతిలోంచి చొక్కా జారితే ఆ పిల్ల ఒళ్ళో పడాలి. చేతికీ చేతికీ అలవాటు పడిపోయి, ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోకుండానే రోజంతా గడిపేస్తారు.

మొగుడు ఇళ్ళకి రంగులు వేసే మనిషి. పాత గోడలు గోకిన దుమ్మూ, రంగుల ఘాటూ పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ముక్కుకి గుడ్డ కట్టుకోవయ్యా అంటే, గుడ్డ కట్టుకుంటే బీడీ ఎలా కాల్చనే అనేవాడు. అదీ వరస. ఇప్పుడు నాలుగు మాటలాడితే ఐదో మాటకి ఊపిరి అందదు. పిల్లల్లేరు. అటువైపు గానీ ఇటువైపు గానీ కబురు పెడితే పరిగెత్తుకొచ్చే చుట్టాలూ లేరు. చావంటే తనకేం భయం లేదంటాడు, ఆ మాట నిజమే కూడా. ఉన్న భయమల్లా ఒక్కటే. దాన్ని ఆసుపత్రి నుంచి వస్తూ ఆటోలో బయటపెట్టాడు.

"ఆ టైములో నువ్వు పక్కనుంటే చాలే. ఒక్కణ్ణే ఉన్నప్పుడు పోకూడదు."

ఎక్కడికి పోతాను, పక్కనే ఉంటానని మాటిచ్చింది. ఇచ్చేసింది గానీ, మాటివ్వడానికి నోరుంటే చాలు, నిలబెట్టుకోవడానికి సెలవు కావాలి. అది చూస్తే బడులు తెరిచే ముందటి సీజన్. జీతం వద్దు, సెలవు చాలన్నా కుదరదు. సీజన్‌లో మెషీన్ ఖాళీగా ఉంచరు. ఇంకొకరిని కూర్చోబెడతారు. తిరిగొచ్చాక చోటుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇంటద్దె కట్టేదీ మందులు కొనేదీ ఆ మెషీనే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సెలవుల సంగతులు చూసే సారుకి అద్దాల గది ఒకటి ఉంది. ఆ సారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు, అంతా విని ఒక దారి చెప్పాడు. కంపెనీలో ఎవరి సెలవుల్లోంచి వాళ్ళు ఒకటో రెండో రోజులు తోటి మనిషికి ఇవ్వొచ్చట. ఆ రోజులకి జీతం కూడా వస్తుందట. క్యాంటీన్ గోడ మీద 'మనదంతా ఒకే కుటుంబం' అని పెద్ద బొమ్మ వేయించింది అందుకేనట. పుచ్చుకునేవాళ్ళ ఇంట్లో మనిషికి ఇక ఎక్కువ టైము లేదని డాక్టరు రాసివ్వాలి. ఇచ్చిన రోజులు వరసగా వాడేయాలి. ఒక మనిషి కోసం ఒక్కసారే. చూశారా తెలివి! పనివాళ్ళ సెలవు పనివాళ్ళకే పోతుంది, పేరు మాత్రం కంపెనీకి వస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. కానీ గతి లేనివాడికి దానం ఎవరి సొమ్మైతేనేం?

మధ్యాహ్నం అన్నాల వేళ సూపర్‌వైజర్ లేచి సంగతి అందరికీ చెప్పాడు. ఆవిడ గిన్నెలోంచి తల పైకెత్తలేదు. ఒకరి ముందు చెయ్యి చాచి ఎరగని మనిషి. ముందు ఇస్త్రీ బాబాయి, నాదొక రోజు రాసుకోండి అన్నాడు. కటింగ్ మాస్టారు నలుగురిలో తను తక్కువ కాకూడదని రెండన్నాడు. కాలర్లు కుట్టేవాళ్ళు, ప్యాకింగ్‌వాళ్ళు, ఆఖరికి గేటు దగ్గర వాచ్‌మన్ కూడా ఇచ్చాడు. గుండీల పిల్ల తన దగ్గర మిగిలినవన్నీ ఊడ్చి ఇచ్చేసింది.

ఆ పిల్లకి చిన్న కొడుకున్నాడు. దూరాన అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. రాత్రంతా బస్సులో కూర్చుంటే గానీ వాణ్ణి చూడ్డం కుదరదు. ఆ రోజులు వాడి కోసం దాచుకున్నవి. వద్దే, నువ్వు పిల్లాడి దగ్గరికి వెళ్ళవా అని కాజాలావిడ అడ్డుపడింది. వాడెక్కడికి పోతాడక్కా, వచ్చే ఏడు వెళ్తాలే అంది ఆ పిల్ల. అంతమంది చేతులూ పట్టుకుని ఏడ్చి, ఆవిడ ఇంటికొచ్చింది.

మేడ మీద ఒకే గది వాళ్ళది. కింది వాటాలో ఒంటరి పెద్దావిడ. కాజాలావిడ గదిలో మంచం కిటికీ వైపుకి జరిపి, దాని పక్కన కుర్చీ వేసుకుంది. ఈ రోజులు ఎలా వచ్చాయో మొగుడికి చెప్పింది. మర్నాడు అతను కళ్ళు తెరుస్తూనే, "ఇవాళ ఎవరి రోజే?" అని అడిగాడు.

ఇస్త్రీ బాబాయిదని చెప్పింది. అయితే దుప్పటి మీద ఒక్క ముడత కూడా ఉండకూడదు, సరిగ్గా పరువన్నాడు. అలా మొదలైంది వేళాకోళం. కటింగ్ మాస్టారి రోజున ఆవిడ మాటకి అడ్డొస్తే, చూశావా, నా మాట కత్తిరించేస్తున్నావు అనేవాడు. వాచ్‌మన్ రోజున పాలగ్లాసుతో వచ్చిన కింది పెద్దావిడని గుమ్మంలోనే ఆపి, ఎవరు మీరు, ఎవరితో పని, అని విచారణ చేశాడు. పెద్దావిడ నవ్వాపుకోలేక గ్లాసు తొణికించుకుంది. గుండీల పిల్ల ఇచ్చిన రోజుల్లో మాత్రం హాస్యాలాడలేదు. ఇవి పిల్లాడి రోజులే, పడుకుని పాడుచేయకూడదంటూ లేచి కూర్చోవాలని చూసేవాడు. ఆవిడ వీపు వెనక దిండ్లు పెడితే, ఆయాసపడుతూ కాసేపు కూర్చునేవాడు.

ఊరికే పడుకున్నప్పుడు కప్పుకేసి చూసి తిట్టేవాడు. ఈ సున్నం కొట్టినవాడెవడో గానీ వాడి చేతులు విరగ్గొట్టాలి, ఒక్క పూత వేసి రెండు పూతల డబ్బు తీసుకునుంటాడు అనేవాడు. మూలమూలకీ వంక పెట్టేవాడు. ఆవిడ నవ్వేది. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ పగటి వెలుగులో ఇంతసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. ఆవిడ తెల్లారకుండా పోయేది, అతను చీకటిపడ్డాక వచ్చేవాడు, ఆదివారం బట్టలకీ నిద్రకీ సరిపోయేది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ రోజుల్లో ఆవిడ సుఖపడింది. పోబోయే మనిషి పక్కన కూర్చుని, కాపురమంటే ఇదా అనుకుంది.

ఆ సుఖమే కొంప ముంచింది. వేళకి తిండీ, పక్కన మనిషీ ఉండేసరికి అతను కాస్త తేరుకున్నాడు. అన్నం నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ముఖంలో కళ వచ్చింది. నీ చేతి చలవేనమ్మా అంది కింది పెద్దావిడ. కాజాలావిడ సంతోషించింది. మొదట నిజంగానే సంతోషించింది. తర్వాత ఒక సాయంత్రం, నిద్రపోతున్న అతని ఛాతీ లేస్తూ దిగుతూ ఉంటే చూస్తూ, ఇంకా ఎవరెవరి రోజులు మిగిలాయో లెక్కపెట్టుకుంటున్న సంగతి ఆవిడకే తెలిసివచ్చింది. ఒక లెక్క ఊపిరిది, ఒక లెక్క సెలవుది. రెండూ ఒకచోట ముగియాలని తన మనసులో ఏదో కోరుకుంటోంది. చీ, నేను మనిషినేనా అనుకుని లేచి వెళ్ళి ముఖం కడుక్కుంది. మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే లెక్క.

ఆఖరి రోజు ప్యాకింగ్ అక్క ఇచ్చినది. ఆ రోజు అతను ఎవరి రోజని అడగలేదు. మధ్యాహ్నం అన్నం వద్దన్నాడు. ఎందుకు వద్దు, నిన్న తిన్నావుగా అని ఆవిడ గదిమితే, ముఖం గోడవైపుకి తిప్పుకుని చెప్పాడు.

"నీ సెలవులోపలే పోదామనుకున్నానే. కుదర్లేదు. ఏమనుకోకు."

నోర్ముయ్ అంది ఆవిడ. కంచం అక్కడే పెట్టి, వంట మూలకి పోయి కుళాయి తిప్పి నిలబడింది. అతను ఆ మాటన్నందుకు కాదు ఆవిడకి దుఃఖం. అది తన మనసులో మాటే కావడం, దాన్ని తను చెప్పకుండానే అతను కనిపెట్టేయడం, పైగా తప్పు తనదే అయినట్టు ఏమనుకోకు అనడం. నీళ్ళు బకెట్ నిండి పొర్లిపోయినా కుళాయి కట్టలేదు.

మర్నాడు పనిలోకి వెళ్ళింది. ఆవిడ గేట్లోకి రాగానే జనం ముఖాలు పరామర్శకి సిద్ధం చేసుకుని చుట్టూ మూగారు. ప్యాకింగ్ అక్క అయితే భుజం మీద చెయ్యి కూడా వేసేసింది. ఎప్పుడు జరిగింది తల్లీ అని ఎవరో అడిగారు.

"లేదు, ఉన్నాడు," అంది ఆవిడ. "కాస్త తేరుకున్నాడు."

ప్యాకింగ్ అక్క భుజం మీంచి చెయ్యి తీసేసింది. అయ్యో, మంచిదేగా, అన్నారు తర్వాత. ఇస్త్రీ బాబాయి వాతావరణం తేలిక చేద్దామని, మీ ఆయన గట్టి పిండమేనమ్మా అని నవ్వాడు. పాపం, ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

ఆ తర్వాత ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అలా అనకపోవడమే పుండు మీద కారం. కటింగ్ మాస్టారి భార్య కాలు జారి పడిందట, ఆయనకి ఆసుపత్రిలో ఉండటానికి సెలవు తక్కువైంది. ఆ సంగతి ఆయన ఎవరితోనో చెబుతుంటే, ఆవిడ అటుగా రావడం చూసి మాట మార్చాడు. క్యాంటీన్‌లో ఆవిడ కూర్చున్న బల్ల దగ్గర మాటలు సన్నగిల్లాయి. మీ ఆయనకెలా ఉందని రోజూ అడిగేవాళ్ళు మాత్రం తగ్గలేదు. అలాగే ఉంది అనేది. ఆ అలాగే అన్న మాట అంటుంటే అప్పు ఎగ్గొట్టిన మనిషిలా తల దిగిపోయేది.

గుండీల పిల్ల ఎప్పటిలాగే ఉంది. అన్నం తిన్నాక గోడవారకి పోయి ఫోన్ చేస్తుంది. పిల్లాడు ఫోన్ దగ్గరికి రానంటున్నాడట. వస్తానని చెప్పి రాలేదని అలక. అక్కడ అమ్మమ్మ వాణ్ణి బతిమాలుతూ ఉంటే ఈ పిల్ల ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఉంటుంది. గంట కొట్టగానే వచ్చి కూర్చుని గుండీలు కుడుతుంది. కాజాలావిడ చేతిలోంచి చొక్కా జారినప్పుడల్లా ఆ పిల్ల ముఖం చూడలేక తల తిప్పుకునేది.

ఒకరోజు సెలవుల సారు పిలిపించాడు. ఎంతో మర్యాదగానే చెప్పాడు. పైవాళ్ళు అడుగుతున్నారట, డాక్టరు రాసింది ఒకటి, జరిగింది ఒకటి, ఇలా అయితే రేపు ఎవరైనా రాయించుకొస్తారని. మిమ్మల్నేం అనుమానించడం లేదమ్మా, పరిస్థితి ఎలా ఉందో కనుక్కుందామని అంతే, అన్నాడు.

"క్షమించండి సార్," అంది ఆవిడ.

దేనికి? మొగుడు చావనందుకు! అద్దాల గదిలో చేతులు కట్టుకుని నిలబడి, కట్టుకున్నవాడు బతికున్నందుకు ఒక ఆడది క్షమాపణ చెప్పింది. ఆ సారు కూడా పర్లేదమ్మా అన్నాడు. అలా అన్నాడు చూడండి, అక్కడ ఉంది అసలు పాపం.

ఇంటికొచ్చి ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. చెప్పకపోయినా అతనికి కొంత తెలిసినట్టే ఉంది. కంపెనీలో ఏమంటున్నారే అని అడగడం మానేశాడు. తేరుకున్న కళ నాలుగు రోజుల ముచ్చటే అయింది. మళ్ళీ తిండి తగ్గింది. పెదవులు నల్లబడ్డాయి. మాట్లాడే నాలుగు మాటలు రెండయ్యాయి. డాక్టరు ఫోన్‌లోనే విని, ఇక మనం చేసేదేం లేదమ్మా, పక్కన ఉండండి అన్నాడు.

పక్కన ఉండండి! ఆవిడ పరుగున మళ్ళీ అద్దాల గదికి పోయింది. ఈసారి నిజమేనండీ అని చెప్పింది. ఈసారి నిజమే అనడం చెవిన పడి తనే సిగ్గుతో చితికిపోయింది. సారు తన ముందున్న కంప్యూటర్‌లో చూశాడు, చూసి తల అడ్డంగా ఊపాడు. ఒక మనిషి కోసం ఒక్కసారే. మార్చడానికి తన చేతిలో లేదు. జీతం లేని సెలవు పెట్టుకుంటానంటే పెట్టుకోవచ్చు, మెషీన్ సంగతి మాత్రం హామీ ఇవ్వలేడు. ఆవిడ ముఖం చూసి ఏదైనా మంచిమాట చెప్పాలనిపించినట్టుంది.

"ఏదన్నా జరిగితే మాత్రం ఆలోచించక్కర్లేదమ్మా. వెంటనే సెలవు ఇచ్చేస్తాం. జీతంతోనే."

ఆ రాత్రి ఆవిడ మెషీన్ పోతే పోయిందనుకుంది. మళ్ళీ అద్దె గుర్తొచ్చింది, అతనికోసం కొత్తగా తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఖర్చు గుర్తొచ్చింది. ఉండాలో వెళ్ళాలో తేల్చుకోలేక తెల్లార్లూ అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. పొద్దున్నే అతనే అన్నాడు, వెళ్ళు, ఇవాళేం కాదు అని. ఆ తర్వాత రోజూ అదే అన్నాడు. రోజూ ఆవిడ చెప్పులేసుకుని, గుమ్మంలో ఆగి, వెనక్కి చూసి వెళ్ళింది. రోజూ సాయంత్రం మెట్లు ఎక్కుతూ తలుపు అవతల ఆ ఊపిరి చప్పుడు వినపడేదాకా ఊపిరి బిగపట్టింది. పగలు కింది పెద్దావిడ రెండుసార్లు పైకొచ్చి చూసి పోయేది. మోకాళ్ళ నొప్పుల మనిషి, అంతకన్నా ఎక్కలేకపోయేది.

ఒక మధ్యాహ్నం సూపర్‌వైజర్ వచ్చి ఆవిడ మెషీన్ స్విచ్ తనే ఆపాడు. ఆపిన తీరుకే ఆవిడకి తెలిసిపోయింది. ముందు ఏడుపు రాలేదు. ముందు వచ్చింది ఒక ఆలోచన, ఇక ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు అని. ఆ ఆలోచన వచ్చినందుకు ఆవిడ బతికినంతకాలం తనని తాను క్షమించుకోదు.

కింది పెద్దావిడ పాలు పట్టుకుని పైకొచ్చేసరికే అయిపోయిందట. ఎంతసేపయిందో తెలియదు. మనిషి ముఖం గోడవైపు లేదు, కిటికీవైపూ లేదు. తలుపుకేసి తిరిగి ఉంది. కాజాలావిడ వెళ్ళి చూసేటప్పటికి కూడా అలాగే ఉంది. దాన్ని సరిచేయడానికి ఎవరెంత చెప్పినా చాలాసేపు ఒప్పుకోలేదు.

అందరూ వచ్చారు. ఇస్త్రీ బాబాయి పాడె మోశాడు. కటింగ్ మాస్టారు కాలు విరిగిన భార్యని వదిలి వచ్చాడు. గుండీల పిల్ల ఆవిడని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సెలవుల సారు కూడా వచ్చి, చెప్పులు గుమ్మం బయట విప్పి, సెలవు మంజూరైందని మెల్లగా చెప్పాడు. అడక్కుండానే, డాక్టరు రాసివ్వకుండానే, జీతంతో సహా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మనిషి పోతూ ఉన్నప్పుడు లేని రోజులు, పోయాక ఎక్కణ్ణుంచి వచ్చాయో వచ్చేశాయి.

అంతా అయిపోయిన మర్నాడు ఆవిడ ఆ గదిలో ఉండలేకపోయింది. ఎప్పటి వేళకే లేచి, జడేసుకుని, కంపెనీకి వెళ్ళింది. గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఎర్రదే. వాచ్‌మన్ కంగారుపడి లోపలికి కబురు చేశాడు. సెలవుల సారు గేటు దాకా వచ్చాడు.

ఇంట్లో ఉండలేనండీ, మెషీన్ మీద కూర్చోనివ్వండి అని అడిగింది. కుదరదమ్మా అన్నాడు. సెలవులో ఉన్న మనిషి లోపల పనిచేస్తూ వేలు తెగినా కంపెనీ మీదికొస్తుంది. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నాడు. అప్పుడు ఆవిడకి ఒకటి తోచింది. ఆ ముఖంలో అన్ని రోజుల తర్వాత కాస్త ప్రాణం వచ్చింది.

"అయితే ఈ రోజులు గుండీల పిల్లకి రాసేయండి సార్. కొడుకుని చూసొస్తుంది. నాకెందుకివి?"

సారు నేలకేసి చూస్తూ చెప్పాడు.

"ఇవి ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదమ్మా. ఇవి మీవే. మీరే వాడుకోవాలి."

లోపల గంట కొట్టారు. మెషీన్లు మొదలయ్యాయి. తన మెషీన్ మీద ఎవరో కూర్చునే ఉంటారు, చొక్కా జారి గుండీల పిల్ల ఒళ్ళో పడుతూనే ఉంటుంది. ఆవిడ కార్డు కొంగున ముడేసుకుని, వచ్చిన దారినే నడిచి ఇంటికి వెళ్ళింది.

మధ్యాహ్నం కింది పెద్దావిడ అన్నం తీసుకుని, ఒక్కో మెట్టే ఎక్కి పైకొచ్చింది. పరుపు తీసేసిన మంచం కిటికీ దగ్గర ఉంది. దాని పక్కన కుర్చీలో కాజాలావిడ కూర్చుని ఉంది, మంచం పట్టె మీద చెయ్యేసుకుని. ఎంగిలి పడలేదు, కదల్లేదు. ఇలా ఎంతసేపు కూర్చుంటావమ్మా, లే, అంది పెద్దావిడ.

"సెలవు పెద్దమ్మా," అంది ఆవిడ మంచం మీంచి చూపు తిప్పకుండా. "పక్కన కూర్చోడానికి ఇచ్చారు."

పెద్దావిడ కంచం కింద పెట్టింది. మోకాళ్ళు పట్టుకుని అక్కడే గుమ్మంలో కూలబడింది.